గొడుగు, కప్ప, దువ్వెన

ఐదింటికి ఫైలు ప్రెస్సుకు వెళ్ళాలి, ఇప్పుడు నాలుగూ పది, నా గొడుగు కనిపించడం లేదు. గొడుగే కాదు, కప్ప లేదు, దువ్వెన లేదు, మేక లేదు, తెర ఎడమ అంచున ఆరేళ్ళుగా వరసగా కూర్చున్న ఇరవై ఆరు బొమ్మల్లో ఒక్కటీ లేదు. వాటి చోట సన్నటి బూడిదరంగు అక్షరాలు, చీమల బారులా, కాదు, చీమలైతే నయం, చీమలు ఒక దారిన పోతాయి, ఇవి నేను చూస్తుండగానే ఒకదాని మీంచి ఒకటి దాటుకుని పక్క మాటలోకి దూరిపోతున్నాయి. గొడుగు అంటే సేవ్, తడవకుండా దాచేది. కప్ప అంటే చేసిన తప్పు నుంచి వెనక్కి గెంతేది. దువ్వెన జుట్టు గీసే బ్రష్షు. మేక రబ్బరు, ఏది కనిపిస్తే అది మేసేస్తుంది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్ళ ఊపిరి నా మెడకి తగులుతోంది, వాళ్ళలో ఒక్కరికీ ఈ బొమ్మల సంగతి తెలియదు. ఎదురుగా గాజు గదిలో ప్లగ్గు బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఆయనతో ఎవరూ అన్నట్టు లేదు.

జరిగింది ఇది. నత్త పుస్తకం, పిల్లల కోసం, ముప్పై రెండు పేజీలు, నాలుగు నెలల పని. బొమ్మలన్నీ ఒకే పెద్ద ఫైల్లో ఉంటాయి, నేను వేస్తాను, పక్క బల్ల దగ్గర పేజీలమ్మాయి అదే ఫైలు తన మిషన్లో తెరిచి మాటలు పేరుస్తుంది. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళేదాకా ఏ మిషన్లోనూ సాఫ్ట్‌వేర్ మార్చవద్దని పెద్దాయన అందరి ముందూ చెప్పాడు, కంపెనీ ఆయనది. చూసుకోవలసిన బాధ్యత ప్లగ్గు బాబాయ్‌ది, ఈ అంతస్తులో తీగ అనేది ఎక్కడున్నా అది ఆయనదే, అందుకే ఆ పేరు. అయినా ఈ ఉదయం నా మిషన్ ఒక్కదాంట్లో సాఫ్ట్‌వేర్ కొత్తదైపోయింది. ఆ కొత్తదాంట్లో ఏదో తంటాలు పడి చివరి పేజీలో నీళ్ళు వేసి సేవ్ చేశాను, అంతే, ఇక మిగతా మిషన్లలో ఆ ఫైలు తెరుచుకోనని మొండికేసింది. నా మిషన్ ఎవరు ముట్టుకున్నారని పదిన్నరకే గదంతా వినపడేలా అరిచింది నేనే. అప్పుడెవరూ పట్టించుకోలేదు, బొమ్మలక్క అరవని రోజేదని నవ్వుకున్నారు. మధ్యాహ్నం మూడున్నరకి పేజీలమ్మాయి తెల్లబోయిన మొహంతో లేచి నిలబడింది, అప్పటినుంచి నా అరుపే కేసులో మొదటి ఫిర్యాదు. పెద్దాయన బాబాయ్‌ని లోపలికి పిలిచాడు. వెళ్తూ వెళ్తూ బాబాయ్ నా కుర్చీ దగ్గర ఒక్క క్షణం ఆగి, "మెనూలో పాత పద్ధతిలో సేవ్ అని ఉంటుందమ్మాయ్, అది నొక్కితే అన్నిట్లోనూ తెరుచుకుంటుంది, చూసుకో," అన్నాడు.

చూసుకో. ఎంత తేలిగ్గా అన్నాడు. మెనూ తెరిస్తే మాటలు, మాటల కింద మాటలు, ఒక్కో మాట మీద వేలు పెడితే పక్కకి మరో జాబితా తలుపులా తెరుచుకుంటోంది, దాంట్లో ఇంకో ఇరవై. చదవడం బొత్తిగా రాదని కాదు. వస్తుంది. ఎవరూ చూడకుండా, తొందర లేకుండా, పారే నీళ్ళలోంచి గులకరాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరుకుంటాను. నలుగురు వెనక నిలబడితే నీళ్ళు బురదైపోతాయి. పేజీలమ్మాయి వంగి, మీరు లేవండక్కా, రెండు నిమిషాల్లో నేను వెతికేస్తాను అంది. మంచి పిల్ల. నిజంగా రెండు నిమిషాల్లో వెతికేస్తుంది. నేను లేచి పక్కన నిలబడితే ఆ అమ్మాయి ఏదో చూపించి ఇదేనా అక్కా అని అడుగుతుంది, నేను చదవాలి, చదవలేను, ఆ అమ్మాయి నా మొహం చూస్తుంది. పదకొండేళ్ళు. పదకొండేళ్ళు కాపలా కాసింది ఆ ఒక్క చూపు రాకుండానే. నా కుర్చీలో ఎవరూ కూర్చోరు, అవతలికి వెళ్ళండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు అన్నాను. వెళ్ళారు. వెళ్తూ ఎవరో అన్నారు, ఆవిడ కుర్చీ ముట్టుకుంటే కరుస్తుంది తెలుసా అని. తెలుసు. ఆ పేరు నేను కష్టపడి తెచ్చుకున్నదే. కథ కాగితం ఇవ్వబోతే నాకు వినిపించండి, వింటేనే బొమ్మ కనబడుతుంది అంటాను, ఎడిటరమ్మ మురిసిపోయి గొంతు మార్చి మార్చి చదువుతుంది. ఈమెయిల్ పంపితే ఫోన్ చేసి నాకు ఈ ఉత్తరాల వ్యవహారం చిరాకు అంటాను. పొగరు అనుకుంటారు. పొగరుకి గౌరవం ఉంది.

పొగరు కంటే ముందు బద్ధకం. ఆరేళ్ళప్పుడు మొదటి అనుమానం బద్ధకం మీదే పడింది. అమ్మ టైపిస్టు. ఆ మిషన్ మీద అక్షరాలు అరిగిపోయి మీటలన్నీ నున్నగా ఉండేవి, అమ్మ వాటివంక చూసేదే కాదు, కిటికీలోంచి వీధి చూస్తూ, నన్ను తిడుతూ, గోడవతల అత్తయ్యతో కబుర్లాడుతూ టకటకా కొట్టేసేది. అంత వేగం కడుపున ఇంత నెమ్మది ఎలా పుట్టిందని వచ్చినవాళ్ళందరినీ అడిగేది. తర్వాత నేరం కళ్ళ మీదికి పోయింది, అక్కర్లేని కళ్ళజోడు రెండేళ్ళు మోశాను. తర్వాత ఎడమచెయ్యి దొరికిపోయింది. దాంతో రాయబట్టే అక్షరాలు తిరగబడుతున్నాయని ఒక టీచరు తేల్చేసి, ఏడాదిపాటు ఆ చెయ్యి గౌను జేబులో పెట్టించింది, జేబులో అది ఊరికే ఉండక గుడ్డ మీద గోటితో కుందేళ్ళు గీసేది. ఏటా ఒక కొత్త నిందితుడు, ఏటా శిక్ష, అందరూ అమాయకులే. అసలువాడు హాయిగా ఇంట్లోనే తిరుగుతున్నాడు. అమ్మ ఒక్కసారి మాత్రం నా వేళ్ళవంక చూసి, నేను కళ్ళు మూసుకుని గోడ మీద బొగ్గుతో ఏనుగు గీస్తుంటే, "దీని వేళ్ళకి కూడా దారి తెలుసే," అంది. ఎవరితో అందో తెలియదు, గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

నాలుగూ ఇరవై. మేనేజరు గాజు గదిలోంచి బయటికొచ్చి బల్ల బల్లకీ తిరుగుతున్నాడు, ప్రతి మిషన్ అంచూ వంగి చూస్తున్నాడు, ఏదో లెక్క పెట్టుకుంటున్నాడు. నా దగ్గరికొచ్చి పైన చూశాడు, పక్కన చూశాడు, "ఇక్కడ లేదు," అని తనలో తాను అనుకుని వెళ్ళిపోయాడు. ఏం లేదో అడిగే తీరిక నాకు లేదు. స్కేలు అని నేను పిలిచే మనిషి ఉంటే అడిగేవాడు. స్కేలు ఉంటే అసలు ఇదంతా ఉండేదే కాదు.

పేజీలమ్మాయి ఇప్పుడు కూర్చునే బల్ల ఒకప్పుడు స్కేలుది. పొడుగ్గా, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలుతో, నిజంగా స్కేలు వచ్చి కుర్చీలో కూర్చున్నట్టే ఉండేవాడు. తను చేరిన మూడో నెలలోనే నన్ను పట్టేశాడు. మీటింగులో అందరికీ ఒక కాగితం పంచారు, అందరి తలలూ ఎడమ నుంచి కుడికి కదులుతుంటే నా తల కదలడం లేదట. తన స్కేలు తీసి నా కాగితం మీద మొదటి వరస కింద పెట్టాడు. కాసేపాగి ఒక వరస కిందికి జరిపాడు. కింది వరసలన్నీ స్టీలు కింద పడుకున్నాయి, మిగిలిన ఒక్క వరస భయపడి కదలడం మానేసింది. జీవితంలో మొదటిసారి ఒక మనిషి పక్కన కూర్చుని ఒక కాగితం పూర్తిగా చదివాను. తర్వాత టీ తాగుతూ, "పిచ్చుకా, ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు. పుట్టినప్పటినుంచి అన్నాను. పిచ్చుక అని ఎందుకు పిలిచాడో అడగలేదు, ఇప్పుడెవరూ అలా పిలవరు, బొమ్మలక్క అంటారు, అక్కా అంటారు, మేడమ్ అంటారు, ఆ పేరు ఆయన వెంటే వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం వాన. ఆఫీసులో మేమిద్దరమే. ఇల్లు సర్దుకుందాం రా అన్నాడు, ఇల్లంటే నా తెర. మాటలన్నీ తీసేసి వాటి చోట నేను గీసిన గోరంత బొమ్మలు పెడుతూ వచ్చాడు. వెనక్కి వెళ్ళడం అంటే నీకేం గుర్తొస్తుందన్నాడు. కప్ప అన్నాను.

"కప్ప వెనక్కి గెంతదే."

"నాది గెంతుతుంది."

నవ్వి పెట్టేశాడు. సేవ్ దగ్గరికొచ్చేసరికి సాయంత్రమైంది, కిటికీ బయట వాన తగ్గలేదు, ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు ఉంది, అది తలుపు పక్కన నీళ్ళు కారుస్తూ నిలబడి ఉంది, దాన్నే గీశాను. అదే గొడుగు కింద బస్‌స్టాపు దాకా నడిచాం. ఆయన ఎడమ భుజం పూర్తిగా తడిసిపోయింది, నాది ఒక్క చుక్క తడవలేదు, ఆరేళ్ళుగా రోజుకి వందసార్లు ఆ బొమ్మ మీద నొక్కాను, వందసార్లూ ఆ తడిసిన భుజం. ఇది ఎవరితో చెప్పుకుంటే అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ మారిందండీ, కొత్త సౌకర్యాలు వచ్చాయండీ, పోయిందేమీ లేదండీ. ఆ రోజు చివరగా ఇంకొక్కటి నేర్పాడు. "రోజూ తెరవగానే ఒక డబ్బా వస్తుంది, కొత్తది పెట్టుకోమంటుంది. పెట్టుకున్నావా, ఈ బొమ్మలన్నీ పోతాయి. కుడి చివర బటన్ ఉంటుంది, తర్వాత చూద్దాం అని. చదవక్కర్లేదు, వేలు వేసెయ్." ఆరేళ్ళు వేశాను. పొద్దున్నే పళ్ళు తోముకున్నంత మామూలుగా, కుడి చివర, వేలు.

నాలుగూ ముప్పై. మెనూలో నాలుగోసారి మొదటికొచ్చాను. నా చదువు సంగతి తేల్చే పరీక్ష రోజు కూడా ఇలాగే చెమట. స్కేలే తీసుకెళ్ళాడు, ముప్పై మూడేళ్ళ మనిషిని, పిల్లల కుర్చీలున్న గదికి. చెక్క దిమ్మలు, బొమ్మల కార్డులు, గడియారం. చివర్లో అక్కడి డాక్టరమ్మ నా కాగితాలు దగ్గరికి జరుపుకుని నా తిప్పలకి ఒక పేరు చెప్పింది, ఎంత మామూలుగా చెప్పిందంటే వీధి చివర దుకాణం పేరు చెప్పినట్టు. తిరిగొచ్చే బస్సులో ఆయన ఒకటే నవ్వు, దొంగ దొరికాడు పిచ్చుకా, దొంగ దొరికాడు అని. ఆ పేరు నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్కకీ స్కేలుతో ముందు సీటు కడ్డీ మీద ఒక్కో దెబ్బ కొట్టాడు, టింగ్, టింగ్, టింగ్, టింగ్, కండక్టరు ఎవరో దిగుతున్నారనుకుని బస్సు ఆపించాడు. నువ్వూ అను అన్నాడు. నేను కిటికీలోకి చూశాను. ఆ తర్వాత మూడేళ్ళు ఎన్నిసార్లు అడిగాడో. చివరిసారి ఆఫీసు మెట్ల మీద. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది, రెండు మాటలు అడుగుతానన్నాడు. లోపలికెళ్ళి నీకున్నదేంటో పేరు పెట్టి చెప్పు, నేను పక్కనే నిలబడతానన్నది ఒకటి. నాతో వచ్చెయ్ అన్నది రెండోది. రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పాను, నా మీద జాలి వద్దని. జాలి అన్న మాట వినగానే ఆయన మొహం ఎలా అయిందంటే, ఆ మొహం నేను చాలాసార్లు గీయబోయాను, ప్రతిసారీ మేకకి పెట్టేశాను. రెండేళ్ళయింది. ఆ మర్నాడు నా సొరుగు తెరిస్తే స్కేలు ఉంది, మనిషి లేడు.

సొరుగు. స్కేలు సొరుగులోనే ఉంది.

తీశాను. చల్లగా ఉంది. తెరకి ఆనించి మెనూ మొదటి మాట కింద పెట్టాను, ఎవరైనా చూస్తే కొలుస్తున్నాననుకుంటారు, అనుకోనీ. ఒక్క మాట. ఆగాను. అక్షరాలు కాసేపు గిలగిల్లాడి సర్దుకున్నాయి. ఇది కాదు. ఒక వరస కిందికి. ఇది కాదు. గాజు గదిలో బాబాయ్ రెండు వేళ్ళతో గాలిలో ఏదో చిన్న చతురస్రం చూపిస్తున్నాడు, ఇంత కాగితం, ఇంతే అన్నట్టు, పెద్దాయన తల అడ్డంగా ఊపుతున్నాడు, చూడకు, కిందికి, ఇది కాదు, కిందికి. తొమ్మిదో వరసలో మొదటి అక్షరం నిలబడింది, దాని పక్కన రెండోది వచ్చి కూర్చుంది, పాత, అవును పాతే, పాత పద్ధతిలో. నొక్కాను. ఒక డబ్బా లేచింది, రెండు బటన్లు, నా వేలు దానంతట అదే కుడి చివరికి పోయింది.

వేలు గాలిలో ఆగింది. ఆపింది నేనే. ఆ వేలుని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాను. స్కేలు అడ్డం పెట్టి చదివితే ఎడమది సేవ్, కుడిది వద్దు. కుడిది నొక్కి ఉంటే మళ్ళీ మొదటికి. అంటే కుడి చివర ఎప్పుడూ తర్వాత చూద్దాం కాదు. అంటే పొద్దున. పదింటికి. బ్యాగు భుజాన ఉండగానే మిషన్ వేశాను, డబ్బా వచ్చింది, రోజూ వచ్చేదానికంటే కాస్త పెద్దది, బటన్లు గుండ్రంగా ఉన్నాయి, కుడి చివర వేలు వేశాను, టీకి వెళ్ళాను. పావుగంట తర్వాత వచ్చి చూస్తే ఇల్లు ఖాళీ. వాళ్ళు డబ్బా మార్చారు, బటన్ల చోటు మార్చారు, ఆరేళ్ళ అలవాటు నేరుగా వెళ్ళి పెట్టుకుంటాను అన్నదాని మీద కూర్చుంది. ఆ పైన నేను లేచి నా మిషన్ ఎవరు ముట్టుకున్నారని అరిచాను. గొడుగు విరిచింది నేను. కప్పని చంపింది నేను. ఆయన కూర్చోబెట్టిన ఇరవై ఆరింటినీ నా చేత్తో నేనే బయటికి గెంటాను.

ఎడమది నొక్కాను. పక్క బల్ల నుంచి పేజీలమ్మాయి తెరుచుకుంటోంది తెరుచుకుంటోంది అంది, తర్వాత తెరుచుకుందక్కా అంది, ఎవరో చప్పట్లు కొట్టారు, ఎడిటరమ్మ నా భుజం తట్టింది. నాలుగూ యాభై. ఫైలు వెళ్ళిపోతుంది. నత్త తన ఇల్లు వీపున వేసుకుని ముప్పై రెండో పేజీలో నది దాటేస్తుంది. నన్నెవరూ ఏమీ అడగరు. ఇంటికెళ్ళి కొత్తగా ఇరవై ఆరు బొమ్మలు గీసుకోవచ్చు, ఎలా పెట్టాలో తెలియదు గానీ గీయడం వచ్చు. చేతికి పని లేకపోయేసరికి చూపు కిటికీ వైపు పోయింది. కిటికీ చట్రానికి అంటించిన చిన్న పసుపు కాగితం, దాని మీద నత్త, మెడ చాచి వెనక్కి చూస్తున్న నత్త, చివరి పేజీకి మొదటి ఊహ అదే. పోయిన సోమవారం మిషన్ మూలన ఎవరో అంటించి ఉంచారు, కాగితం గరుగ్గా బావుంది, పీకి వెనక్కి తిప్పి గీసేశాను. ఇటు నత్త. అటు ఏముందో చూడలేదు. చూసినా చీమలే కదా అనుకున్నాను.

లేచి వెళ్ళి పీకాను. స్కేలు పెట్టి చదివాను. మూడు వరసలు. అప్‌డేట్ డబ్బా మారబోతోంది, మారాక కుడి బటన్ నొక్కవద్దు, నన్ను పిలవండి. కింద బాబాయ్ సంతకం. ఆయన అన్ని మిషన్లకీ చీటీ అంటించాడు. మేనేజరు లెక్కపెట్టింది ఆ చీటీలనే, నా దగ్గర ఒక్కచోటే లేదు, ఆ ఒక్క మిషనే మారింది, ఇక బాబాయ్ మాట ఎవరు నమ్ముతారు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్న మనిషి. నా మిషన్ ఆగితే బల్ల కింద మోకాళ్ళ మీద దూరి, నడుం పట్టుకుని లేస్తూ, ఏం పెడుతున్నావమ్మాయ్ దీనికి తినడానికి అని అడిగే మనిషి. గాజు అవతల పెద్దాయన ఒక కాగితం ఆయన ముందుకి తోశాడు. బాబాయ్ జేబులు తడుముకుంటున్నాడు, పెన్ను కోసమో కళ్ళజోడు కోసమో. తప్పు తనదేనని సంతకం పెట్టేస్తాడు. బద్ధకం పెట్టింది, కళ్ళు పెట్టాయి, ఎడమచెయ్యి పెట్టింది, ఇప్పుడు బాబాయ్ వంతు.

బల్లకీ గాజు తలుపుకీ మధ్య ఇరవై అడుగులు ఉండవు. ఒక చేతిలో చీటీ, ఒక చేతిలో స్కేలు, స్కేలు ఎందుకు తెచ్చానో తెలియదు, పక్కనే నిలబడతానన్నాడు కదా. పేజీలమ్మాయి ఏంటక్కా అంది. తలుపు తోశాను. పెద్దాయన తలెత్తి, ఫైలు వెళ్ళిందటగా, శభాష్, ఇక మీరు వెళ్ళి రెస్ట్ తీసుకోండి అన్నాడు. నేను చీటీని బల్ల మీద ఆయన ముందు పెట్టాను, ముందు నత్త వైపు, తర్వాత తిప్పి మాటల వైపు. బాబాయ్ దాన్ని చూసి, నన్ను చూసి, పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు.

"బాబాయ్ అంటించాడు సార్. పీకింది నేను. పొద్దున బటన్ నొక్కిందీ నేనే."

"మీరా? ఇంత స్పష్టంగా రాసుంటే చదవలేదా?"

"చదవలేను."

చదవలేను అంటే ఏంటన్నాడు పెద్దాయన, కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక. గాజు బయట అందరూ లేచి నిలబడ్డారు, నాకు వీపు మీద తెలుస్తోంది, ఆ చూపు, పదకొండేళ్ళు నేను రానివ్వని చూపు, వచ్చేసింది, రానీ. నా చేతిలో స్టీలు చల్లగా ఉంది. ఎక్కడో ఒక బస్సు, ముందు సీటు కడ్డీ మీద నాలుగు దెబ్బలు, నువ్వూ అను పిచ్చుకా, ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"డిస్లెక్సియా," అన్నాను.